బొటనవేలి సాక్ష్యం



ఈ ధర్మనిధి ఎవరి పేర వెలిసిందో ఆ మాస్టారు హైస్కూల్లో మాకు ఇంగ్లీషు చెప్పారు. గ్రామరు పుస్తకం ఆయనకు పెద్దగా గిట్టేది కాదు. ఒక్క మాట తీసుకుని పీరియడంతా దాని వెంట తిప్పేవారు. ఆ మాట ఎక్కడ పుట్టింది, ఎవరి నోట ఎలా మారింది, మన భాషలో దాని చుట్టం ఎవరు అని అడిగేవారు. ఆయన పేరు మీద మాట్లాడమన్నప్పుడు ఆయన పద్ధతే పాటిద్దామనుకున్నాను. నేను ఎంచుకున్న మాట 'థంబ్'. అంటే బొటనవేలు. ఇంత చిన్న వేలి మీద గంటసేపు ఏం మాట్లాడతారండీ అని కార్యదర్శిగారు మర్యాదగానే అడిగారు. నేరస్థులన్న ముద్ర మోసిన స్టూవర్టుపురానికి ఇంత దగ్గరలో నిలబడి ఆ వేలి గురించి మాట్లాడాలంటే గంట చాలదని నా భయం.

ముందు మాస్టారి బాకీ తీర్చుకుంటాను. ఇంగ్లీషువాడు ఈ వేలికి ఎన్ని పనులు అప్పజెప్పాడో చూడండి. చేతిపని రానివాణ్ణి 'ఆల్ థంబ్స్' అంటాడు. వాడి పది వేళ్లూ బొటనవేళ్లేనని ఎగతాళి. పనీపాటా లేకుండా కూర్చున్నవాడు బొటనవేళ్లు ఒకదాని చుట్టూ ఒకటి తిప్పుకుంటూ ఉంటాడు. దారిన పోయే లారీని ఆపి ఎక్కడమూ 'థంబ్' చేయడమే, పుస్తకాన్ని చదవకుండా పేజీలు తిరగేయడమూ 'థంబ్' చేయడమే. పెద్ద నిఘంటువుల అంచున అక్షరానికొకటి చొప్పున అర్ధచంద్రాకారంలో గంట్లు కోసి ఉంటాయి, అది 'థంబ్ ఇండెక్స్'. నాటిన మొక్కల్లా బతికితే మనం ఆ మనిషి చెయ్యి మంచిదంటాం. అమెరికావాళ్లు బొటనవేలు పచ్చదంటారు, ఇంగ్లండువాళ్లు వేళ్లన్నీ పచ్చవేనంటారు. వాళ్ల పిల్లల కథల్లో బొటనవేలంత మనిషి టామ్ థంబ్. మనకు అంతకన్నా గట్టివాళ్లే ఉన్నారు. వాలఖిల్యులు అంగుష్ఠమాత్రులైన మునులు, అరవై వేలమంది. తమ ఎత్తు చూసి నవ్విన ఇంద్రుణ్ణి గడగడలాడించారు.

బొటనవేలు పైకెత్తితే మెచ్చుకోలు, కిందికి దించితే తిరస్కారం. రోమన్ల కాలంలో ఓడిన మల్లుణ్ణి చంపమనడానికి వేలు కిందికి దించేవారని మనందరం అనుకుంటాం. ఆ భావన లోకానికి బాగా ఎక్కింది 1872లో జెరోమ్ అనే ఫ్రెంచి చిత్రకారుడు వేసిన బొమ్మతో. రోమన్లు నిజంగా వేలు ఏ దిక్కుకు తిప్పేవారో పండితులు ఇంకా తగవులాడుకుంటూనే ఉన్నారు. మన ఊళ్లలో మాత్రం ఈ ఇంగ్లీషు మాట ఎక్కువసార్లు పలికేది కిళ్లీకొట్టు దగ్గర. కోకాకోలా దేశం విడిచి వెళ్లిన 1977లోనే పార్లే కంపెనీ థమ్సప్ తెచ్చింది. ఇంగ్లీషు స్పెల్లింగు ప్రకారం ఉండాల్సిన 'బి' అక్షరం ఆ సీసా మీద ఉండదు. పలకని అక్షరాన్ని పీకి పారేసిన ఆ పని మాస్టారికి భలే నచ్చింది.

'రూల్ ఆఫ్ థంబ్' దగ్గర కాస్త ఆగాలి. మనం ఉజ్జాయింపు అంటాం, కంటిలెక్క అంటాం. కొలబద్ద లేనప్పుడు వేలే కొలబద్ద. ఫ్రెంచి భాషలో అంగుళానికీ బొటనవేలికీ మాట ఒకటే. మన జాన అంటే బొటనవేలి కొస నుంచి చిటికెనవేలి కొసదాకా. మనిషి ఆకలిని కూడా ఆ కొలతతోనే కొలిచి జానెడు పొట్ట అన్నాం. వేలితో కొలవడం అన్ని దేశాల్లోనూ ఉన్నదే. కానీ ఈ ఇంగ్లీషు నుడికారానికి ఒక కట్టుకథ అంటుకుంది. తన బొటనవేలి కన్నా లావు కాని కర్రతో భర్త భార్యను కొట్టవచ్చని ఇంగ్లండు చట్టంలో ఉండేదని, అందులోంచి ఈ మాట పుట్టిందని చెబుతారు. అలాంటి చట్టాన్ని ఎవరూ చూపించలేకపోయారు. నుడికారం 17వ శతాబ్దంలోనే వాడుకలో ఉంది. 1782లో ఫ్రాన్సిస్ బుల్లర్ అనే జడ్జి ఆ మాట అన్నాడని ఒక వదంతి లేచింది. జేమ్స్ గిల్రే అనే కార్టూనిస్టు వెంటనే ఆయన్ను చేతినిండా కర్రలతో 'జడ్జ్ థంబ్' అని బొమ్మ వేశాడు. బుల్లర్ ఆ తీర్పు చెప్పినట్టు దాఖలా లేదు. బొమ్మ మాత్రం నిలిచింది. రెండు వందల నలభై ఏళ్లు దాటినా ఆయన జడ్జ్ థంబే. పేరు అంటుకోవడానికి రుజువు అక్కర్లేదని మన జిల్లాలో ఒక ఊరికి బుల్లర్ కన్నా బాగా తెలుసు.

ఇక 'అండర్ ది థంబ్'. ఒకడి చెప్పుచేతల్లో ఇంకొకడు అణిగిమణిగి ఉండటం. మాస్టారు ఈ మాట చెప్పిన రోజున ఉదాహరణగా రాజులనూ భార్యలనూ చెప్పారు. స్టూవర్టుపురాన్ని చెప్పలేదు. చెప్పి ఉంటే ఆ నుడికారానికి అక్షరాలా అర్థం ఉన్న చోటు లోకంలో ఒకటుందని మాకు అప్పుడే తెలిసేది.

తెలుగులో బొటనవేలికి ఇన్ని నుడికారాలు లేవు. సిగ్గుపడే పెళ్లికూతురు కాలి బొటనవేలితో నేల రాస్తుంది. అంతకు మించి మన బొటనవేలి బతుకంతా దస్తావేజుల్లోనే ఉంది. చదువు రాని రైతు ఎడమచేతి బొటనవేలిని ఇంకు ప్యాడు మీద అద్ది కాగితం మీద ఒత్తుతాడు. దస్తూరీ రాసినతను పక్కనే ఇది ఫలానావారి నిశానీ అని రాస్తాడు. ఇద్దరు సాక్షులు సంతకం చేస్తారు. ఎకరం పొలం చేతులు మారిపోతుంది. చదువుకున్నవాళ్లు వేలిముద్రగాడని హేళన చేస్తారు గానీ, ఆ ముద్రకు ఉన్న బలం నా సంతకానికి లేదు. నా సంతకం నా కొడుకు పెట్టగలడు.

ఆ బలాన్ని ప్రభుత్వం గుర్తించింది మన దేశంలోనే. 1858లో బెంగాల్లోని జంగీపూర్లో విలియం హెర్షెల్ అనే తెల్లదొర రోడ్డు కంకర సరఫరాకు రాజ్యధర్ కొనాయ్ అనే కాంట్రాక్టరుతో ఒప్పందం రాసుకున్నాడు. మాట తప్పుతాడేమోనని అనుమానం. కొనాయ్ అరచేతికి సిరా పూయించి కాగితం వెనక ఒత్తించాడు. అందులో శాస్త్రం లేదు, ఉత్త బెదిరింపు. తర్వాత తనకే ఆసక్తి పుట్టి ఏళ్ల తరబడి ముద్రలు పోగుచేశాడు. 1877లో హుగ్లీలో మేజిస్ట్రేటుగా ఉన్నప్పుడు పింఛనుదార్ల దగ్గర, రిజిస్ట్రేషను కచేరీలో, జైల్లో వేలిముద్రలు వాడుకలోకి తెచ్చాడు. చచ్చిపోయినవాడి పింఛను ఇంకొకడు తీసుకోకుండా ఆపడం ఆయన ఉద్దేశం. మొదట్లో ఈ ముద్ర ఇచ్చింది దొంగలు కాదని గుర్తుంచుకోండి. ఒక కాంట్రాక్టరు, కొందరు ముసలి పింఛనుదార్లు, ఆస్తి రాసిచ్చేవాళ్లు.

లక్షల ముద్రల్లోంచి కావలసినదాన్ని వెతికి తీసే లెక్క కూడా మన దేశంలోనే కట్టారు. 1897లో కలకత్తాలో వేలిముద్రల బ్యూరో పెట్టారు. ప్రపంచంలో ఆ రకం కచేరీల్లో మొదటిదిగా దాన్ని చెబుతారు. పద్ధతికి పోలీసు అధికారి ఎడ్వర్డ్ హెన్రీ పేరు వచ్చింది. బుర్ర పెట్టి గణితం కట్టింది ఆయన కింద పనిచేసిన అజీజుల్ హక్, హేమచంద్ర బోస్. మన సాముద్రికంవాళ్లు వేలి కొనల మీద శంఖాలు, చక్రాలు లెక్కపెట్టి జాతకం చెప్పేవారు. హెన్రీ కచేరీలో అవే గీతలను లూపులు, వోర్లులు, ఆర్చులు అని విడదీసి బీరువాల అరల్లో సర్దారు. తల్లి కడుపులో పిండానికి నాలుగైదు నెలలు వచ్చేసరికే ఈ గీతలు ఏర్పడిపోతాయి. చచ్చేదాకా మారవు. ఒకే కాన్పులో పుట్టిన కవలలకు కూడా ఒకటిగా ఉండవు.

అదే 1897లో జల్పాయిగురిలో ఒక తేయాకు తోట మేనేజరు హత్య జరిగింది. పెట్టెలో ఉన్న బెంగాలీ పంచాంగం మీద గోధుమరంగు మరక కనిపించింది. కుడిచేతి బొటనవేలిది. బ్యూరోలో వెతికితే అది అంతకుముందు దొంగతనం కేసులో జైలుకెళ్లిన పాత నౌకరు కంగాలి చరణ్‌దని తేలింది. 1898లో కోర్టు అతనికి దొంగతనం నేరం కింద శిక్ష వేసింది, హత్యా నేరం కొట్టేసింది. కేసుల చరిత్రలో ఈ తీర్పు మైలురాయి అంటారు. నాకు అందులో నచ్చింది తీర్పులోని రెండో సగం. ఆ బొటనవేలు చెప్పగలిగింది ఈ మనిషి ఈ పంచాంగాన్ని ముట్టుకున్నాడని. అంతే. చంపాడో లేదో అది చెప్పదు. ఎలాంటివాడో చెప్పదు. ఏ కులంవాడో, తండ్రి ఎవరో, రేపు ఏం చేస్తాడో చెప్పదు. ఆ జడ్జీలు వేలి సాక్ష్యాన్ని వేలు చెప్పినంతవరకే విన్నారు.

ఇప్పుడు ఫ్రాన్సిస్ గాల్టన్ సంగతి చెప్పాలి. వంశాన్ని బట్టి తెలివీ గుణమూ వస్తాయని నమ్మి, ఆ నమ్మకానికి 'యూజెనిక్స్' అని పేరు పెట్టిన పెద్దమనిషి ఈయనే. వేలి గీతల్లో జాతి దొరుకుతుందని ఆశపడ్డాడు. ఇంగ్లీషువాళ్లవి, వెల్షువాళ్లవి, యూదులవి, ఆఫ్రికా నల్లజాతివాళ్లవి ముద్రలు తెప్పించి పక్కపక్కన పెట్టి చూశాడు. చదువుకున్నవాళ్లవి, కూలీలవి, బుద్ధిమాంద్యం ఉన్నవాళ్లవి చూశాడు. 1892లో అచ్చయిన తన పుస్తకంలో నిజాయితీగా ఒప్పుకున్నాడు: ఫలానా జాతిదని గానీ, ఫలానా గుణం ఉన్నవాడిదని గానీ చెప్పగలిగే గుర్తు ఏదీ వేలిమీద కనిపించలేదని. వంశంలో గుణం వెతకాలని జీవితమంతా తిరిగినవాడే చెప్పిన మాట ఇది. బొటనవేలికి మనిషి తెలుసు, కులం తెలియదు.

పందొమ్మిదేళ్ల తర్వాత, 1911లో, మన మద్రాసు రాజధానికి నేరస్థ జాతుల చట్టం వచ్చింది. ఉత్తరాదిన 1871 నుంచీ ఉన్నదే, సవరించి దేశమంతటికీ చాచారు. ఒక తెగ, ఒక ముఠా లేక ఒక వర్గం నేరాలకు అలవాటుపడిందని ప్రభుత్వం గెజెట్లో వేస్తే చాలు, ఆ తెగలో పుట్టినవాళ్లందరినీ రిజిస్టరులోకి ఎక్కించవచ్చు. ఆ ప్రకటన చెల్లదని కోర్టులో అనడానికి వీల్లేదు. రిజిస్టరయినవాళ్ల వేలిముద్రలు ఎప్పుడు కావాలంటే అప్పుడు తీసుకోవచ్చని అందులో ఒక సెక్షన్ పెట్టారు. పిల్లల్ని తల్లిదండ్రుల నుంచి విడదీసి బడుల్లో పెట్టవచ్చు. హద్దు దాటి కనిపిస్తే వారంటు లేకుండా పోలీసు, ఆఖరికి ఊరి తలారి కూడా పట్టుకోవచ్చు.

నేను చెప్పదలచుకున్నది ఇక్కడే ఉంది. మనిషి కనిపెట్టిన కొలతల్లో బహుశా అన్నిటికన్నా కచ్చితమైనది వేలిముద్ర. లక్షమందిలో ఒక్కణ్ణి వేరుచేసి చూపిస్తుంది. ఆ కచ్చితమైన పనిముట్టును అన్నిటికన్నా మొరటు ఉజ్జాయింపుకు కాపలా పెట్టారు. ఉజ్జాయింపు ఏమంటుంది? వీళ్లంతా ఒకటేనంటుంది. వేలిముద్ర ఏమంటుంది? ఏ ఇద్దరూ ఒకటి కారంటుంది. పోలీసు రిజిస్టరులో ప్రతి పేజీ ఆ చట్టాన్ని తప్పని సాక్ష్యం చెబుతూనే ఉంది. చదివినవాళ్లు లేరు. ఐదువేళ్లూ సమంగా ఉండవని మన ఊళ్లో అక్షరం ముక్క రాని ముసలమ్మ కూడా అంటుంది.

స్టూవర్టుపురం ఆ చట్టం బిడ్డ. 1913-14 ప్రాంతంలో బాపట్లకూ చీరాలకూ మధ్య ప్రభుత్వం ఇచ్చిన నేల మీద సాల్వేషన్ ఆర్మీ, మనం రక్షణ సైన్యం అంటాం, ఈ సెటిల్‌మెంటు నడిపింది. మద్రాసు గవర్నరు కార్యనిర్వాహక మండలిలో సభ్యుడైన హెరాల్డ్ స్టూవర్ట్ పేరు దానికి పెట్టారు. 1891 మద్రాసు జనాభా లెక్కలు నడిపినవాడు ఈ స్టూవర్టే. కులాలవారీగా జనాన్ని లెక్కపెట్టినవాడి పేరు, లెక్కలోంచి తప్పించుకోకూడదని కట్టిన ఊరికి వచ్చింది. భారతదేశంలో రక్షణ సైన్యాన్ని మొదలుపెట్టిన బూత్-టకర్ ఈ పనికి 'క్రిమినోక్యూరాలజీ' అని ఒక శాస్త్రం పేరే తయారుచేశాడు. నేరాన్ని రోగంలా నయం చేయడమట. ఆయన మనసులో దయ లేదనను. కానీ మందు ఇచ్చే ముందు రోగం ఉందో లేదో చూడాలి గదా.

ఊరికి వచ్చినవాళ్లలో ఎక్కువమంది ఎరుకలవారు. ఎరుకలవాళ్లంటే ఎవరు? దబ్బ ఎరుకలవారు వెదురు చీల్చి బుట్టలు, తట్టలు, చాటలు అల్లుతారు. కుంచె ఎరుకలవారు సాలెవాళ్ల పడుగుకు కుంచెలు కడతారు. కరివేపాకు అమ్మేవాళ్లున్నారు. ఉప్పు ఎరుకలవారు గాడిదల మీద, ఎద్దుల మీద తీరంలో కొన్న ఉప్పును లోపలి జిల్లాలకు మోసి, తిరుగు బరువుకు ధాన్యం తెచ్చేవారు. పాడిపంటలకు, వంటిళ్లకు వాళ్లు లేకపోతే జరగని రోజులవి. ప్రభుత్వం ఉప్పును తన గుత్తకింద పెట్టుకుంది. రైలు వచ్చింది. గాడిద రైలుతో పోటీ పడలేదు. 1876-78 కరువు మిగతా పని చేసింది. మీనా రాధాకృష్ణ అనే చరిత్రకారిణి కొరవ, ఎరుకల జనాల మీద రాసిన పుస్తకంలో ఈ వరుసను చక్కగా పట్టుకున్నారు. బతుకుతెరువు పోయి దారినపడ్డవాళ్లను దారినపడి తిరగడమే నేరమని పట్టుకున్నారు. వాళ్లలో దొంగతనాలు చేసినవాళ్లు లేరా అంటే ఉన్నారు. లేరని చెప్పి వాళ్లను దేవతల్ని చేయవలసిన పని నాకు లేదు. దొంగతనం చేసినవాణ్ణి పట్టడానికి అప్పటికే పీనల్ కోడ్ ఉండేది, అది 1860 నాటిది.

ఎరుకలసాని ఇంటి ముందుకు వచ్చి, చేతిలో బెత్తం, చంకలో బుట్ట పెట్టుకుని, ఇల్లాలి అరచెయ్యి పట్టుకుని ఎరుక చెప్పేది. మన అమ్మమ్మల చేతిగీతలన్నీ వాళ్లకు కంఠస్థం. కూతురి పెళ్లి, కొడుకు ఉద్యోగం, పోయిన వెండి గిన్నె జాడ, అన్నీ వాళ్లనే అడిగేవారు. ఊరి చేతులన్నీ చదివిన ఆ మనుషుల చేతులను సర్కారు సిరా పూసి చదివింది. ఇంకేమీ అడగలేదు.

సెటిల్‌మెంటులో హాజరు పట్టీ ఉండేది. బయటికి పోవాలంటే పాసు కావాలి. పొలం పని, నేత, తర్వాత చీరాలలో ఐఎల్‌టీడీ పొగాకు కంపెనీలో కూలి. పొగాకు కంపెనీకి అదుపులో ఉండే కూలీలు కావాలి, సెటిల్‌మెంటుకు మనుషులను రోజంతా ఒకచోట ఉంచే పని కావాలి. సంస్కరణ అన్న మాట కింద ఈ లెక్క కూడా ఉంది. అక్కడ బడి వచ్చింది, వైద్యం వచ్చింది, చదువుకుని ఉద్యోగాల్లోకి వెళ్లినవాళ్లున్నారు. ఈ సభలోనే కొందరు కూర్చున్నారు. అది నిజం. పాసు చీటీ కూడా నిజమే.

ఈ ముద్రకు ఎదురుతిరిగినవాళ్లు లేకపోలేదు. మన పొరుగున మదురై జిల్లా పెరుంగామనల్లూరులో పిరమలై కళ్లర్లు వేలిముద్రలు ఇవ్వబోమని మొండికేశారు. 1920 ఏప్రిల్ 3న పోలీసులు కాల్పులు జరిపారు. పదిహేనుమందికి పైగా పోయారు. అరవదేశంలో ఆ చట్టాన్ని ఇప్పటికీ చేతిగీతల చట్టమనే పిలుస్తారు. చట్టంలో ఎన్నో సెక్షన్లుంటే జనానికి గుర్తున్నది వేలి సెక్షనొక్కటే. ఎందుకో ఊహించడం కష్టం కాదు. హాజరు పట్టీ మనిషిని ఒకచోట కట్టేస్తుంది, వేలిముద్ర ఎక్కడికి పోయినా వెంటే వస్తుంది.

అంతకు ముందే దక్షిణాఫ్రికాలో గాంధీ ఈ వేలి మీదే సత్యాగ్రహం మొదలుపెట్టారు. 1906లో ట్రాన్స్‌వాల్ ప్రభుత్వం భారతీయులంతా పేర్లు నమోదు చేసుకుని వేలిముద్రలు ఇవ్వాలంది. హెన్రీ రాసిన పుస్తకం తెప్పించుకుని చదివి, చట్టప్రకారం వేలిముద్రలు అడిగేది నేరస్థులనేనని గాంధీ గమనించారు. 1908 జనవరిలో ఆ ప్రభుత్వంలోని స్మట్స్‌తో రాజీ కుదిరాక మాత్రం బలవంతం లేదు గనుక ఇష్టపూర్వకంగా ఇద్దామన్నారు. ఇవ్వడానికి వెళుతుంటే ఫిబ్రవరి 10న సొంతవాడే అయిన ఒక పఠాను కర్రతో తల పగలగొట్టాడు. అడగడంలో ఉన్న తేడా గాంధీకి ముఖ్యం, ఆ పఠానుకు ముద్రే అవమానం. ఇద్దరిలో ఎవరిది సరైన మాటో నేను ఇప్పటికీ తేల్చుకోలేదు. స్టూవర్టుపురంలో ఇష్టపూర్వకం అన్న మాటకే చోటు లేదు గనుక అక్కడ ఆ ప్రశ్న రాలేదు.

ఎరుకలవారు ఏకలవ్యుణ్ణి తమవాడిగా చెప్పుకుంటారు. నన్నయ ఆదిపర్వంలో ఆ కథ చదివినప్పుడల్లా నాకు ఒకటే తోస్తుంది. ద్రోణుడు కుడిచేతి బొటనవేలు అడిగింది ఏకలవ్యుడు ఏదో తప్పు చేశాడని కాదు. ముందు ముందు ఏం చేయగలడోనన్న భయంతో. 1911 చట్టమూ చేసిన నేరానికి కాదు, చేయబోయే నేరానికే వేలు అడిగింది. ద్రోణుడు ఒక్కణ్ణే అడిగాడు. చట్టం చంటిపిల్లలు పెద్దయ్యేదాకా కాచుక్కూర్చుంది.

చట్టం పోయిన కథ క్లుప్తంగా చెబుతాను. నెల్లూరివాడైన వెన్నెలకంటి రాఘవయ్య యానాదుల మధ్య, ఇతర సంచార జాతుల మధ్య పనిచేస్తూ దీని రద్దుకోసం ఏళ్ల తరబడి పోరాడారు. మద్రాసు రాష్ట్రం 1947లోనే ఎత్తేసింది. అనంతశయనం అయ్యంగార్ కమిటీ దేశమంతటా విచారించి నివేదిక ఇచ్చాక 1952 ఆగస్టు 31న కేంద్ర చట్టం కూడా పోయింది. ఆ తేదీని విముక్త జాతులవాళ్లు ఇవాళ్టికీ పండగ చేసుకుంటారు. కానీ 1948లోనే మద్రాసులో అలవాటైన నేరస్థుల చట్టం వచ్చేసింది. తలుపు తీశారు, కిటికీలోంచి చూడటం మానలేదు. 1970లలో లవణం, హేమలత దంపతులు స్టూవర్టుపురంలో చేసిన పని మీకు నాకన్నా బాగా తెలుసు. లవణం నాస్తికవాది గోరా కొడుకు, హేమలత కవి జాషువా కూతురు. కులం మీద ఇంటిలోనే యుద్ధం చూసి పెరిగినవాళ్లు గనుక, ఊరికి ఉపదేశం చేయడానికి కాక ఊరి మాట వినడానికి వచ్చారు. హేమలత ఆ అనుభవం నుంచి నవల కూడా రాశారు.

పేరు మాత్రం వదల్లేదు. 1991లో ఒకే ఏడు ఈ ఊరి పేరుతో రెండు సినిమాలు వచ్చాయి, ఒకటి పోలీస్ స్టేషను పేరిట, ఇంకొకటి దొంగల పేరిట. 2023లో మరొకటి వచ్చింది, దాని టీజరు మీద వివాదం హైకోర్టు దాకా వెళ్లింది. ఇంగ్లీషులో 'థంబ్‌నెయిల్' అంటే బొటనవేలి గోరు. గోరంత బొమ్మ అన్న అర్థంలో ఆ మాట ఇప్పుడు యూట్యూబు పుణ్యమా అని అచ్చ తెలుగు మాటైపోయింది. థంబ్‌నెయిల్ చూసి మోసపోయామని చిన్నపిల్లలు కూడా అంటున్నారు. యూట్యూబు పుట్టక ముందు నుంచీ స్టూవర్టుపురం తన థంబ్‌నెయిలుతోనే బతుకుతోంది. లోపల వీడియో ఎవరూ తెరవరు. అక్కణ్ణుంచి ఉద్యోగానికి, అద్దె ఇంటికి వెళ్లిన కుర్రవాడు ఊరు పేరు చెప్పాల్సి వచ్చినప్పుడు బాపట్ల అంటాడు. అబద్ధమూ కాదు, నిజమూ కాదు.

ఇప్పుడు అందరి వేళ్లూ సర్కారు దగ్గరే ఉన్నాయి. ఆధార్ కోసం పదివేళ్లూ ఇచ్చాం, కళ్లు కూడా ఇచ్చాం. గాంధీ తల పగిలిన విషయానికి మనం చౌకడిపో ముందు వరస కడుతున్నాం. అలవాటైపోయింది, ఎవరికీ అవమానం అనిపించదు. ఇబ్బంది వేరే చోట వచ్చింది. వెదురు దబ్బ చీల్చేటప్పుడు కత్తిని నడిపేది బొటనవేలే. నాట్లు వేసేవాళ్లకు, ఇటుక మోసేవాళ్లకు, పొగాకు గ్రేడింగు చేసేవాళ్లకు గీతలు అరిగిపోతాయి. ఈ-పాస్ యంత్రం దగ్గర వేలు పడలేదమ్మా, ఇంకో వేలు పెట్టు అంటారు. ఒకప్పుడు ఆ వేళ్లను వద్దన్నా వదలని సర్కారు, ఇప్పుడు ఇస్తానన్నా గుర్తుపట్టలేకపోతోంది. ఐరిస్ తీసుకుని బియ్యం ఇస్తున్నారు, కాదనను. ముసలివాళ్లకు రెండోసారి రమ్మనడం మాత్రం ఆగాలి.

2022లో వచ్చిన క్రిమినల్ ప్రొసీజర్ గుర్తింపు చట్టం మీద నాకు ఇంకా పెద్ద అభ్యంతరం ఉంది. 1920 నాటి ఖైదీల గుర్తింపు చట్టం స్థానంలో దీన్ని తెచ్చారు. వేళ్లు, అరచేతులు, అరికాళ్లు, కళ్లు, నడవడి లక్షణాలు, అన్నిటి కొలతలూ తీసుకుని 75 ఏళ్లు దాచవచ్చు. కేసు కొట్టేస్తే తీసేయాలని ఉంది గానీ, కేసు కొట్టేయించుకోవడం ఎంత పనో బీదవాణ్ణి అడగండి. 2024 అక్టోబరు 3న సుకన్య శాంత కేసులో సుప్రీంకోర్టు జైళ్లలో కులాన్ని బట్టి పని పంచే నిబంధనలు కొట్టేసింది. పుట్టుకతో నేరస్థులన్న పాత భావన జైలు మాన్యువళ్లలో ఇంకా ఉందని ఎత్తిచూపింది. విముక్త జాతులవాళ్లను ఇష్టానుసారం అరెస్టు చేయకూడదని పోలీసులకు చెప్పింది. 1952లో పోయిందనుకున్నది 2024లో కోర్టు మళ్లీ వెతికి తీయవలసి వచ్చిందంటే, అది ఎంత లోతున కూర్చుందో చూడండి.

నా తీర్పు నేను చెప్పేస్తాను. వేలిముద్ర శాస్త్రం మంచిది, దాన్ని కోర్టుల్లో వాడాలి, ఇంకా బాగా వాడాలి. కానీ ముద్ర తీసే ముందు ఒక నేరం, ఆ నేరం జరిగిన చోటు ఉండాలి. ఆ రెండూ లేకుండా తీసిన ముద్ర ఎంత స్పష్టంగా పడినా సాక్ష్యం అనిపించుకోదు.

చివరగా బాపట్ల, తెనాలి, రేపల్లె కళాశాలల్లో చరిత్ర చదివే పిల్లలకు ఒక విన్నపం. సెటిల్‌మెంటు రోజులను చిన్నతనంలో చూసినవాళ్లు ఇప్పుడు ఎనభై దాటి ఉన్నారు. వాళ్ల మాట ఫోనులో రికార్డు చేయండి, తేదీ వేసి దాచండి. హాజరు పట్టీలు, పాసు చీటీలు, వేలిముద్రల రిజిస్టర్లు ఏ స్టేషనులోనైనా, ఏ రికార్డు గదిలోనైనా మిగిలి ఉంటే నకళ్లు అడగండి. వాటిలో ఉన్న ముద్రల మీద మొదటి హక్కు ఆ మనుషుల మనవలదే గనుక, స్టూవర్టుపురం పిల్లలు ముందు నడిస్తే మరీ మంచిది. ఈ ఉపన్యాసానికి నాకిచ్చే పారితోషికం ఆ పని మొదలుపెట్టేవాళ్లకు ఇవ్వమని నిర్వాహకులతో చెప్పాను. ఇష్టమున్నవాళ్లు సభ అయ్యాక కార్యదర్శిగారి దగ్గర పేర్లు ఇవ్వండి.